రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత శాతం?

మీ టీములో నలుగురు తెలుగువాళ్ళుంటే ఈసారి టీ తాగేటప్పుడు ఒక చిన్న ప్రశ్న వేసి చూడండి. "నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?" ఠక్కున "రెండు శాతం" అనేవాడు ఒకడైనా ఉంటాడు. ఇంకొకడు ఫోన్ తీస్తాడు. మూడోవాడు "అవన్నీ మా నాన్న చూసుకుంటాడు లే" అంటాడు. ఆ మూడో సమాధానమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఎందుకో చివర్లో చెప్తాను.

అదే ప్రశ్న మా చేజర్లలో అయిదో తరగతితో బడి మానేసిన పెద్దాయన్ని అడగండి. "నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు, యాభై నెలలకు అసలుకు అసలు" అని ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. వందని రెండుతో భాగిస్తే యాభై. అంటే యాభై నెలల్లో వడ్డీ అసలుతో సమానమవుతుంది. ఆయన దగ్గర ఫార్ములా లేదు, క్యాలిక్యులేటర్ లేదు. ఈ లెక్క తప్పితే పొలం పోతుంది, అంతే. అందుకే వచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మన ఇంజనీరింగు చదువుల్లో లెక్కలకు కొదవలేదు గానీ, మన జీవితాన్ని నడిపే లెక్క మాత్రం మనం నేర్చుకోలేదు. అది కష్టమై కాదు, అది "లెక్కలు" కాదనుకుని వదిలేశాం. మనం వదిలేసినా బ్యాంకులు, పాలసీ ఏజెంట్లు, హెచ్చార్ వాళ్ళు వదల్లేదు. బల్లకు అవతల కూర్చున్నవాడికి లెక్క వచ్చి, ఇవతల కూర్చున్న మనకు రాకపోతే డబ్బు ఏ వైపుకు జారుతుందో చెప్పక్కర్లేదు కదా.

అసలు మనకు ఎవరూ చెప్పలేదా అంటే, అదీ నిజం కాదు. ఎనిమిదో తరగతిలోనే బారువడ్డీ, చక్రవడ్డీ చదివాం. జేఎన్‌టీయూ వాళ్ళకు 'మేఫా' గుర్తుండే ఉంటుంది, మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్. బ్రేక్ ఈవెన్, నెట్ ప్రెజెంట్ వాల్యూ, ఐఆర్ఆర్ అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ దాన్ని మనం పరీక్ష ముందు రాత్రి ఆల్-ఇన్-వన్ తిరగేసి గట్టెక్కే సబ్జెక్టుగానే చూశాం. ఎం-1, ఎం-2 లకు ట్యూషన్లు పెట్టించుకున్నాం, మేఫాకు ఎవడైనా పెట్టించుకున్నాడా? ఉద్యోగంలో చేరాక లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ అవసరం నాకు ఇంతవరకూ రాలేదు. ఐఆర్ఆర్ అవసరం మాత్రం ఏటా రెండు మూడు సార్లన్నా వస్తోంది.

పోనీ ఇది ఎక్కడో విదేశీ ఎంబీయే విద్యా అంటే అదీ కాదు. సుమారు పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన సారసంగ్రహ గణితం మనకు తెలిసిన తొలి తెలుగు లెక్కల పుస్తకం. దానికి మూలం తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. ఆ మూలంలో వడ్డీ లెక్కలకు మంచి చోటే ఉంది. అంటే మన దగ్గర లెక్కల శాస్త్రం వడ్డీని చిన్నచూపు చూడలేదు. ఆ చిన్నచూపు మనకెప్పుడు అంటుకుందో మరి.

సరే, మళ్ళీ మా ఊరి వైపుకు వస్తాను. పడమటి నెల్లూరంటే ఆత్మకూరు, ఉదయగిరి, కలిగిరి చుట్టూ ఉన్న ప్రాంతం. సోమశిల నీళ్ళు అందిన చోట వరి, అందని చోట మెట్ట. ఇక్కడ మామూలు రైతు రోజూ వాడే బిజినెస్ మ్యాథ్ ఎంతుందో మూడు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది కొలత. నెల్లూరులో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాలుకు చెబుతుంది. 2024-25లో ఏ గ్రేడు వడ్లకు క్వింటాలు 2,320. ఎనిమిదిన్నరతో గుణిస్తే పుట్టికి 19,720. కళ్ళం దగ్గరకు వచ్చిన వ్యాపారి "పుట్టి పదిహేడు వేలు" అంటే, అది క్వింటాలు 2,000 అనీ, 320 తక్కువకు అడుగుతున్నాడనీ అక్కడికక్కడే తెలియాలి. స్థలాలదీ ఇదే గోల. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి అంకణం 36 అడుగులే. "అంకణం నలభై వేలు" అంటే నెల్లూరులో గజం అయిదు వేలు, తిరుపతిలో పది వేలు. మాట అదే, ధర రెట్టింపు. "రేటెంత?" అని అడిగే ముందు "దేనికి?" అని అడగడం బిజినెస్ మ్యాథ్ లో మొదటి పాఠం.

రెండోది ప్రోనోటు. నోటుకు కాలపరిమితి మూడేళ్ళు. ఆలోగా బాకీ తీరకపోతే కొంత కట్టి నోటు వెనక చెల్లు వేయించాలి, లేకపోతే నోటు తిరగరాయాలి. తిరగరాసేటప్పుడు ఏమవుతుంది? అప్పటిదాకా అయిన వడ్డీ అసల్లో కలుస్తుంది. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. మూడేళ్ళకు వడ్డీ 72,000, కొత్త నోటు 1,72,000. ఇంకో మూడేళ్ళు ఏమీ కట్టకపోతే 2,95,840. బారువడ్డీ అని చెప్పుకునే అప్పు మూడేళ్ళకోసారి చక్రవడ్డీగా మారుతుందన్నమాట. లక్ష బాకీ ఆరేళ్ళలో మూడు లక్షల దాకా పోవడం వెనక మోసం లేదు, మంత్రం లేదు, గుణకారమే.

మూడోది కమీషన్. పొదలకూరు నిమ్మ మార్కెట్టుకు కాయ తోలే రైతు బస్తా రేటు వినగానే అందులోంచి కమీషన్, బాడుగ, కోత కూలి తీసేసి చేతికి వచ్చేదెంతో చెప్తాడు. బయటికి కనబడే రేటు వేరు, చేతికి వచ్చేది వేరు అని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. మనం మాత్రం సీటీసీ చూసి పార్టీ ఇచ్చేస్తాం :)

ఈ ప్రాంతంలోనే ఇంకో గొప్ప లెక్క జరిగింది. కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు అక్కడి పాఠాలతో పాటు ఇంటి లెక్క కూడా వేసుకున్నారు. కూలి డబ్బుల్లో సారా కొట్టుకు పోయేదెంత, పొయ్యి మీదకు వచ్చేదెంత అని. దూబగుంట రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడితే అది సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇది అందరికీ తెలిసిన కథ. ఆ తర్వాత జరిగింది మనం తక్కువగా చెప్పుకుంటాం. సారా మీద పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకొక్క రూపాయి దాచుకుందామని జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు.

రోజుకు రూపాయి అంటే నవ్వు రావచ్చు. కానీ లెక్క చూడండి. పదిహేను మంది ఉన్న సంఘానికి ఏడాదికి 5,475 రూపాయలు. ఆ డబ్బును సంఘంలోనే ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకుంటే, అదే రెండు రూపాయల వడ్డీ వేసుకున్నా, ఆ వడ్డీ బయటి షావుకారుకు పోకుండా సంఘంలోనే తిరుగుతుంది. రేటు మారలేదు, వడ్డీ ఎవరికి పోతోందన్నది మారింది. ఇది ఫైనాన్సులో చాలా పెద్ద పాఠం. ఎంత వడ్డీ అన్నదొక్కటే కాదు, ఎవరికి అన్నది కూడా చూడాలి. 2004 తర్వాత వచ్చిన 'పావలా వడ్డీ' పథకం పేరులోనే లెక్క ఉంది: నెలకు నూటికి పావలా, ఏడాదికి మూడు శాతం. ఆ పేరు పెట్టినవాళ్ళకు పల్లెల్లో వడ్డీని ఏ భాషలో ఆలోచిస్తారో బాగా తెలుసు. "మూడు శాతం వార్షిక వడ్డీ పథకం" అని పెడితే ఎవరికి ఎక్కేది?

ఇప్పుడు దీనికి రెండో వైపు. 2010లో మైక్రోఫైనాన్స్ గొడవ మన రాష్ట్రంలోనే పేలింది. ఆ అక్టోబర్ లో అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సివచ్చింది. వసూళ్ళ పద్ధతులు, ఒక మనిషి మీద నాలుగైదు అప్పులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. అందులో లెక్కకు సంబంధించిన ముక్క ఒకటుంది: ఫ్లాట్ వడ్డీ. ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. పదివేలు అప్పు, వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం కట్టేది 11,250. "పన్నెండున్నర శాతమే కదా, షావుకారు కన్నా సగం" అనిపిస్తుంది. కానీ రెండో వారం నుంచే అసలు తగ్గుతూ వస్తోంది. ఏడాది మొత్తం మీ చేతిలో పదివేలు లేవు, సగటున అయిదువేల చిల్లరే ఉంది. వడ్డీ మాత్రం పూర్తి పదివేలకు వేశారు. తగ్గే అసలు మీద సరిగ్గా లెక్క కడితే సుమారు 24.5 శాతం. అంటే అదే రెండు రూపాయల వడ్డీ, కొత్త చొక్కా తొడుక్కొని వచ్చింది.

పల్లెటూరి వాళ్ళు పాపం మోసపోయారు అని జాలిపడే ముందు మన సంగతి చూసుకుందాం. "పన్నెండు శాతం ఫ్లాట్" అని ఫోన్ చేసి పర్సనల్ లోన్ అంటగట్టేది ఎవరికి? మనకే. లక్ష అప్పు, ఏడాదికి 12,000 వడ్డీ, నెలకు 9,333. తగ్గే అసలు మీద అది సుమారు 21.5 శాతం. గుర్తు పెట్టుకోవడానికి మోటు లెక్క ఒకటి: ఏడాది రెండేళ్ళ అప్పుల్లో ఫ్లాట్ రేటుని దాదాపు రెట్టింపు చేసుకోండి, అసలు రేటుకు దగ్గరకు వస్తారు. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులకు ఫీజులతో సహా వార్షిక రేటు ఎంతో ఒక కాగితం మీద రాసివ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. మంచిదే. కానీ ఆ కాగితం చదివి సంతకం చేసేవాళ్ళు ఎందరు?

'నో కాస్ట్ ఈఎంఐ' ఇంకో ముచ్చట. ఫోను 60,000, ఆరు నెలలు పదేసి వేలు, వడ్డీ లేదు. చాలా బావుంది. అదే ఫోను ఒకేసారి డబ్బు కట్టేవాడికి 57,000 కి ఇస్తున్నారనుకోండి. అప్పుడు మీరు 57,000 అప్పు తీసుకొని 60,000 కడుతున్నట్టు. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 18 శాతం. పైన ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ. సున్నా శాతం వడ్డీ అనే మాటకే అర్థం లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. పేరు మార్చుకొని ఇంకా తిరుగుతూనే ఉంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న "వడ్డీ ఎంత?" కాదు, "ఇప్పుడే మొత్తం ఇస్తే ఎంతకిస్తావు?" అని.

ఇంటి అప్పు లెక్క చాలామందికి తెలుసనుకుంటాం. యాభై లక్షలు, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్ళు. ఈఎంఐ 43,391. మొదటి నెల అందులో 35,417 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 7,974. అప్పు తీసుకున్న కొత్తల్లోనే ఒక లక్ష అదనంగా కడితే చివర్లో సుమారు పన్నెండు ఈఎంఐలు ఎగిరిపోతాయి. లక్ష కడితే అయిదు లక్షల పైన మిగిలాయి అని వాట్సాప్ లో తిప్పుతుంటారు. అక్కడే ఆగి ఆలోచించాలి. ఆ అయిదు లక్షలు మిగిలేది ఇరవై ఏళ్ళ తర్వాత. ఇవాళ్టి లక్ష, ఇరవై ఏళ్ళ తర్వాతి లక్ష ఒకటి కావు. మీకు వచ్చిన అసలు లాభం ఏడాదికి ఎనిమిదిన్నర శాతం, అంతకన్నా ఒక్క పైసా ఎక్కువ కాదు. మంచి లాభమే, అద్భుతం మాత్రం కాదు.

చుట్టాల్లో ఏజెంటు లేని ఇల్లు మనలో ఉండదు కదా. మామయ్య వరసాయన వచ్చి "ఏడాదికి యాభై వేలు కట్టు అబ్బాయ్, ఇరవై ఏళ్ళకు పద్దెనిమిది లక్షలు" అంటాడు. పది లక్షలు కట్టి పద్దెనిమిది తీసుకోవడం, 80 శాతం లాభం! ఏటా ఎంత శాతమో కట్టి చూస్తే 5.3 వస్తుంది. ఇందులో బీమా కూడా ఉంది కాబట్టి పూర్తిగా దండగ అనను. కానీ బీమాకు వేరే టర్మ్ పాలసీ, పొదుపుకు వేరే చోటు పెట్టుకుంటే ఎంతవుతుందో పక్కన పెట్టి పోల్చకుండా సంతకం చెయ్యొద్దు. మామయ్యకు లెక్క చూపిస్తే కోపం వస్తుందా? రావచ్చు. ఇరవై ఏళ్ళ సంతకం కన్నా నాలుగు రోజుల కోపం నయం.

చీటీల సంగతీ అంతే. ముందు పాడుకుంటే అది అప్పు, చివర్న తీసుకుంటే అది పొదుపు. ఒకే చీటీలో ఒకడు అప్పు చేస్తున్నాడు, ఒకడు దాస్తున్నాడు. ప్రతి నెలా కట్టింది మైనస్, తీసుకుంది ప్లస్ అని ఎక్సెల్ లో ఒక కాలమ్ రాసి ఐఆర్ఆర్ ఫంక్షన్ వేసి పన్నెండుతో గుణిస్తే మీ వడ్డీ ఎంతో, రాబడి ఎంతో తేలిపోతుంది. చీటీ చట్టంలో ఫోర్‌మన్ కమీషన్ పరిమితి 5 శాతం ఉండేది, 2019 సవరణలో 7 చేశారు. అది నెలకు కాదు, ఏడాదికీ కాదు, చీటీ మొత్తం మీద. "దేనికి?" అని అడగాలన్నానే, ఇక్కడా అదే.

ఇక ఆఫీసు. ఆఫర్ లెటర్ తో మొదలుపెడదాం. పద్దెనిమిది లక్షల సీటీసీ అంటే నెలకు లక్షన్నర అనుకుంటాం. బేసిక్ అందులో సగం, తొమ్మిది లక్షలు అనుకోండి. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే కంపెనీ అయితే కంపెనీ వాటా 1,08,000. గ్రాట్యుటీ బేసిక్ లో 4.81 శాతం, సుమారు 43,300. మామూలు పర్మనెంటు ఉద్యోగికి అయిదేళ్ళు ఉంటే గానీ అది చేతికి రాదు. వేరియబుల్ పది శాతం, 1,80,000, ఎంత ఇస్తారో ఏడాది చివర తెలుస్తుంది. ఇవన్నీ తీస్తే నెలకు 1,22,000 చిల్లర. అందులోంచి మన పీఎఫ్ వాటా తొమ్మిది వేలు పోగా 1,13,000. దీనిమీద ఇన్‌కమ్ టాక్స్ ఇంకా పట్టలేదు. పీఎఫ్ మన డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ ఇంటి ఈఎంఐ, అద్దె, స్కూలు ఫీజు కట్టేది సీటీసీతో కాదు కదా. ఇద్దరు కంపెనీల వాళ్ళు ఆఫర్లు ఇస్తే సీటీసీలు పోల్చేవాడు ఫ్రెషరు. ఖాయంగా చేతికొచ్చేది పోల్చేవాడు సీనియరు.

మార్జిన్ అనే మాట మీటింగుల్లో రోజూ వింటాం. ఉదయగిరి చెక్క గరిటెలతో చెప్తాను, తేలిగ్గా ఉంటుంది. ఒక గరిటె తయారీకి 80 అయి 100 కి అమ్మారనుకోండి. ఖర్చు మీద చూస్తే లాభం 25 శాతం, అమ్మకం మీద చూస్తే 20 శాతం. ఇరవై రూపాయలు అవే, శాతాలు రెండు. మొదటిది మార్కప్, రెండోది మార్జిన్. ఇప్పుడు కొనేవాడు "పది శాతమే తగ్గించు" అన్నాడు. ధర 90 అయింది, ఖర్చు 80 అలాగే ఉంది. లాభం ఇరవై నుంచి పదికి పడింది. పది శాతం డిస్కౌంటు ఇస్తే లాభం సగం పోయింది!

ఈ గరిటె స్థానంలో మీ ప్రాజెక్టుని పెట్టండి. సేల్స్ వాళ్ళు క్లయింటుకు పది శాతం తగ్గించి డీల్ మూసేస్తారు. ఆ పోయిన సగం లాభాన్ని ఎక్కడో పూడ్చాలి. పదిమంది చేసే పని ఎనిమిది మందితో చేయించాలి, లేదా సీనియర్ల బదులు ఫ్రెషర్లని పెట్టాలి. మీ శనివారాలు ఎక్కడికి పోతున్నాయో ఇప్పుడు అర్థమైందా? ఎస్టిమేషన్ అడిగినప్పుడు "రెండు వారాలు సార్" అని చెప్పి ఊరుకునే ఇంజనీరుకూ, "ఈ రేటుకు ఈ గంటలయితే మనకు మిగిలేది ఇంత, స్కోపు తగ్గించాలి" అనగలిగే ఇంజనీరుకూ మీటింగులో దక్కే మర్యాద వేరు. ఈ రెండో రకం మాట ఎంబీయే చేసినవాళ్ళ సొత్తేం కాదు, అందులో ఉన్నది కూడికలూ భాగహారాలే.

శాతాల దగ్గర ఇంకొక్క మాట. జీతం ఇరవై శాతం తగ్గించి, తర్వాతి ఏడు ఇరవై శాతం పెంచితే పాత జీతం రాదు. వంద ఎనభై అయి, ఎనభై తొంభై ఆరయింది. ఎనిమిది శాతం హైక్ వచ్చి ధరలు అయిదు శాతం పెరిగితే మీకు నిజంగా పెరిగింది మూడు శాతం కన్నా కాస్త తక్కువే. చక్రవడ్డీకి 72 సూత్రం గుర్తుంచుకోండి. 72ని రేటుతో భాగిస్తే ఎన్నేళ్ళకు రెట్టింపో వస్తుంది. ఏడు శాతం డిపాజిట్టు పదేళ్ళకు, ఏటా ఆరు శాతం పెరిగే అద్దె పన్నెండేళ్ళకు. మా పెద్దాయన యాభై నెలల లెక్క బారువడ్డీకి, ఇది చక్రవడ్డీకి. రెండూ ఉంటే కాగితం కలం లేకుండానే సగం బేరాలు తేల్చేయొచ్చు.

ఇదంతా చదివాక రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

ఒకటి: "వీటికి యాప్‌లున్నాయి, చాట్‌బాట్లున్నాయి, మనం నేర్చుకోవడం ఎందుకు?" యాప్ మీరు అడిగినదానికి జవాబు చెబుతుంది. ఏమడగాలో చెప్పదు. "ఈఎంఐ ఎంత?" అని అడిగితే ఈఎంఐ చెబుతుంది. "ఇప్పుడే మొత్తం ఇస్తే ఎంతకిస్తావు?" అని షాపువాణ్ణి అది అడగదు. పైగా ఆ క్యాలిక్యులేటర్ చాలాసార్లు అప్పు అమ్ముకునేవాడి సైటులోనే ఉంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే ఆ క్యాలిక్యులేటర్ కోడ్ రాసేది మనలాంటివాడే. వడ్డీ లాజిక్ కి యూనిట్ టెస్టులు రాసి ప్రొడక్షన్ కి పంపినవాడే తన సొంత లోన్ కాగితం చదవకుండా సంతకం పెడతాడు.

రెండు: "ప్రతిదానికీ పైసా పైసా లెక్కేస్తూ కూర్చుంటే బతుకేముంది?" లెక్క చూసుకోవడం పిసినారితనం కాదండీ. లెక్క తెలిసినవాడే ధైర్యంగా ఖర్చు పెట్టగలడు. చెల్లెలి పెళ్ళికి ఇంత ఇవ్వగలను అని నిబ్బరంగా చెప్పగలడు. తెలియనివాడు అవసరం లేని చోట చెయ్యి బిగించి, అవసరమైన చోట అప్పు చేస్తాడు.

ఇప్పుడు మొదట్లో ఆపిన మాట. "అవన్నీ మా నాన్న చూసుకుంటాడు లే."

మన పల్లెల నుంచి వచ్చిన చాలామంది చదువులు ఎలా నడిచాయో మనకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినా హాస్టలు, బస్సు, పుస్తకాలు, కోచింగు ఉండనే ఉన్నాయి. అమ్మ గాజులు కుదవకు వెళ్ళాయి, నాన్న ప్రోనోటు రాశాడు. ఉద్యోగం వచ్చి నాలుగేళ్ళయినా ఆ నోట్లు ఊళ్ళో అలాగే ఉన్న ఇళ్ళు ఉన్నాయి. అబ్బాయి బెంగుళూరులో రెండు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్టు వేసి "సేవింగ్స్ మొదలుపెట్టా" అని సంతోషపడుతుంటాడు. ఏడు శాతం లెక్కన ఏడాదికి 14,000 వస్తుంది, దాని మీద పన్ను కూడా కట్టాలి. ఊళ్ళో నాన్న అదే రెండు లక్షలకు రెండు రూపాయల చొప్పున ఏడాదికి 48,000 వడ్డీ మోస్తుంటాడు. ఒకే ఇంటి డబ్బు, ఏడాదికి 34,000 నేలపాలు. ఇందులో చెడ్డవాడు ఎవరూ లేరు. కొడుక్కి బాకీ సంగతి తెలియదు, తండ్రికి డిపాజిట్టు సంగతి తెలియదు. "వాడికెందుకు చెప్పి బాధపెట్టడం" అని ఆయన, "ఆయనకెందుకు చెప్పడం, అర్థం కాదు" అని ఇతను.

నా అభిప్రాయం ముక్కుసూటిగా చెప్తాను. ఇంట్లో 24 శాతం బాకీ ఉండగా మ్యూచువల్ ఫండులో సిప్ పెట్టడం పెట్టుబడి కాదు. ఏటా ఖాయంగా 24 శాతం ఇచ్చే ఫండు ఎక్కడా లేదు. ఆ బాకీ తీర్చడమే ఆ ఫండు. రెండు మూడు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసరానికి పక్కన పెట్టుకొని, టర్మ్ పాలసీ, హెల్త్ పాలసీ తీసుకొని, మిగిలిన ప్రతి రూపాయీ ముందు ఆ నోటు మీదకు పోవాలి. ఒకేసారి తీర్చలేకపోతే బంగారం మీదో జీతం మీదో తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు తీసుకొని ఎక్కువ వడ్డీ బాకీ కొట్టేయండి. పన్నెండు శాతంతో ఇరవై నాలుగు శాతాన్ని తీర్చడం అప్పు చేసి పప్పు కూడు కాదు, తెలివైన లెక్క. డబ్బు కట్టిన రోజే నోటు వెనక చెల్లు వేయించండి, మొత్తం తీరితే నోటు వెనక్కి తీసుకోండి.

రోజుకు రూపాయి దాచిన కలిగిరి ఆడవాళ్ళు ముందు కూర్చొని చేసిన పని ఒకటే. ఇంట్లోకి ఎంతొస్తోంది, ఎటు పోతోంది అని నలుగురిలో నోరు విప్పి అడిగారు. మనకు డిగ్రీ ఉంది, ఎక్సెల్ ఉంది, జీతం ఉంది. లేనిదల్లా ఆ అడగడమే. అందుకని ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నారా" తర్వాత ఇంకో ప్రశ్న చేర్చండి: "నాన్నా, మనకు బయట బాకీ ఎంతుంది, ఎంత వడ్డీకి, నోటు ఎప్పుడు రాశావు?" ఆయన "అవన్నీ నీకెందుకురా" అనే అంటాడు. వదలకుండా మళ్ళీ అడగండి. మూడు అంకెలు చెప్తాడు. కాగితం మీద రాసుకోండి.

తా.క.: నెలకు నూటికి రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రూపాయిన్నర అంటే 18, మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డు బాకీ చాలావరకు ఆ మూడు రూపాయల జాతిదే, అదీ నెలనెలా చక్రవడ్డీతో. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి మనం ఏమని తిట్టుకుంటామో తెలుసు కదా. జేబులో పెట్టుకు తిరుగుతున్న కార్డుని ఏమంటారో మీరే చెప్పండి.